పేపరు రేటు, అసలు రేటు

పోయిన నవంబరులో మా క్రైస్తవ సంఘం కోత పండుగ వేలంలో ఒక గుమ్మడికాయ 11,000 రూపాయలకు పోయింది. దాన్ని తెచ్చింది మా వాడలో ఒక్కతే ఉండే ముసలామె. ఆమె రేకుల షెడ్డు మీదికి పాకిన తీగకు కాసిన కాయ. తొడిమ ఇంకా పచ్చిగానే ఉంది, రేకుకు ఆనుకున్న పక్క మాత్రం తెల్లగా పాలిపోయింది. 100 నుంచి మొదలైన పాట 2,000 దాటేసరికి పాడేవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకాయనది హార్డ్‌వేర్ దుకాణం, ఇంకొకాయనది ప్లాట్ల వ్యాపారం. ఒక్కో వెయ్యి పెరిగినప్పుడల్లా పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. ముసలామె మాత్రం పక్కామెతో, "సంతల ముప్పై రూపాయలు గూడ రావు గదనే దానికి" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

ప్లాట్లాయన గెలిచాడు. కాయను రెండు చేతులా ఎత్తి ఫోటో దిగాడు. మా పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి, ఇచ్చిన చేతులను నూరంతలుగా దీవించమని అడిగారు. కాయను ఎవరూ ఇంటికి తీసుకుపోలేదు. సాయంత్రం వంటవాళ్ళు సాంబారులో వేశారు.

సంఘం లెక్కలు రాసేది నేనే. బతుకుతెరువు కూడా లెక్కల పనే. మహబూబ్‌నగర్‌లో ఒక టాక్స్ కన్సల్టెంట్ దగ్గర 19 ఏళ్లుగా పుస్తకాలు రాస్తున్నాను. ఆ రాత్రి చందా పుస్తకం ముందేసుకుని కూర్చుంటే, ఇంటర్ చదివే మా అమ్మాయి వెనక నిలబడి చూసి, "ఆ 11 వేలు ఎవరి పేరు మీద రాస్తావు డాడీ? కాయ తెచ్చిన అవ్వ పేరు మీదనా, పైసలిచ్చిన అంకుల్ పేరు మీదనా?" అంది. అంకుల్ పేరు మీదే రాశాను. పైసలు ఎవరిస్తే వాళ్ళ పేరే కదా రాసేది. కానీ రాస్తున్నంతసేపూ, మూడేళ్ల కిందట ఇంకొకరు నన్ను అడిగిన ప్రశ్న చెవిలో వినబడుతూనే ఉంది. ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నల మధ్యే తిరుగుతుంది.

క్రైస్తవుడికి డబ్బు ఉండొచ్చా అన్న చర్చ మనకు కొత్తేం కాదు. బైబిల్లోని ఒంటె, సూదిబెజ్జం, కొట్లు పడగొట్టి పెద్ద కొట్లు కట్టుకోవాలనుకున్న ఆ వెర్రి ధనవంతుడు, అన్నీ వినీ వినీ అరిగిపోయాయి. ధనం కీడు కాదు, ధనాపేక్షే కీడు అని కాస్త ఉన్నవాళ్ళు ఓదార్చుకోవడమూ విన్నాం. (ఆ వాక్యం మనలో పేదవాళ్ళకంటే ఇల్లు కట్టినవాళ్ళకే బాగా నోటికి వస్తుంది, గమనించారో లేదో.) నాకు ఆ చర్చ మీద ఆసక్తి పోయింది. నా గొడవ వేరే. మన సంఘాలు ఆదాయంలో దేవునికివ్వాల్సిన పదో వంతు, అంటే దశమభాగం గురించి నోరు తెరిచి అడుగుతాయి, మిగతా తొమ్మిది వంతులు ఎక్కడి నుంచి వచ్చాయో అడగవు. అడగరని తెలుసు కాబట్టే మనం పదో వంతు అంత ధీమాగా ఇస్తాం. లెక్కలవాడి భాషలో చెప్పాలంటే, ఆ ఒక్క వంతుతో మిగతా తొమ్మిదినీ వైట్ చేసుకుంటున్నాం.

ఈ మాట అనే హక్కు నాకెంతుందో కింద రాస్తున్నాను.

126 కట్టలు

మా నాయన పాలమూరు లేబర్. గుంపు మేస్త్రీ దగ్గర ముందే పైసలు తీసుకుని, ఏ జిల్లాలో కాలువ తవ్వుతుంటే ఆ జిల్లాకు మా అమ్మను వెంటబెట్టుకుని పోయేవాడు. మమ్మల్ని నాయనమ్మ సాకింది. ఆమెను మేం అవ్వ అనేవాళ్ళం. అలా మట్టి మోసి కూడబెట్టిన పైసలతో బాలానగర్, జడ్చర్ల మధ్య బెంగుళూరు హైవేకి కాస్త లోపల ఎకరం 20 గుంటల (ఎకరంన్నర) చెల్క కొన్నాడు. అప్పుడు ఆ రాళ్ళ నేల ఎందుకని అందరూ నవ్వారట. 2022 వచ్చేసరికి ఆ రాళ్ళ చుట్టూ వెంచర్ల జెండాలు పాతారు. అప్పటికి నాయన పోయి మూడేళ్లయింది.

ఎకరం 50 లక్షల చొప్పున బేరం తెగింది, మొత్తం 75 లక్షలు. కాగితం మీద సర్కారు రేటు ప్రకారం 12 లక్షలు. మిగతా 63 నగదు. "మొత్తం వైట్ కావాలంటే ఎకరం 38కి మించి ఎవరూ అడగరు, ఆలోచించుకో అన్నా" అన్నాడు మధ్యవర్తి. అతనూ మన విశ్వాసే.

నేను చేసింది తెలియక చేసింది కాదు. భూమి అమ్మకంలో 20,000 గానీ అంతకు మించి గానీ నగదు పుచ్చుకోకూడదని 2015 నుంచి చట్టం ఉంది. దొరికితే, పుచ్చుకున్న మొత్తమంత జరిమానా పడేది పుచ్చుకున్నవాడి మీదే. ఈ సెక్షన్ నేను మా ఆఫీసుకు వచ్చే వాళ్ళకు వారానికి ఒకసారైనా చెబుతాను. విచిత్రం ఏమిటంటే ఇందులో నేను ఎగ్గొట్టాల్సిన పన్ను ఒక్క రూపాయి లేదు. మున్సిపాలిటీకి దూరంగా ఉన్న సాగుభూమి అమ్మితే వచ్చే లాభం మీద ఆదాయపు పన్ను పడదు. లాభమంతా కొన్నాయనకు. స్టాంపు డ్యూటీ, మిగతా చార్జీలు కలిపి అప్పుడు 7.5 శాతం. 75 లక్షల మీద అయితే 5,62,500 కట్టాలి, 12 లక్షల మీద 90,000తో సరిపోయింది. ఆయన దగ్గర మూలుగుతున్న నల్లడబ్బు భూమిగా మారింది. నాకు దక్కింది ఎకరానికి 12 లక్షల తేడా. ఆ తేడాకు నేను అమ్ముడుపోయాను. ఇంతకంటే మెత్తగా రాయాలని చూశాను, కుదరలేదు.

మధ్యవర్తి ఇంట్లో, "యేసే ఈ యింటికి అధిపతి" అన్న బోర్డు కింద డబ్బు లెక్కపెట్టాం. మొదలుపెట్టే ముందు అతను, "ఒక్క మాట ప్రార్థన చేసుకుందాం అన్నా" అన్నాడు. కొన్నాయన మన మతం కాదు. పాపం మర్యాదగా చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏ ఆటంకమూ రాకుండా కార్యం సఫలం చేయమని ప్రార్థన. ఆమెన్ అనగానే లెక్కపెట్టే మిషన్ మొదలైంది. 500 నోట్లు, 126 కట్టలు. మధ్యలో రెండుసార్లు నోటు ఇరుక్కుని ఆగితే అతను నోట్ల అంచుల మీద ఊది మళ్ళీ పెట్టాడు. కట్టలన్నీ రెండు బియ్యం సంచుల్లో సర్దుకుని నేనూ మా బావమరిదీ ఇంటికి వచ్చాం.

ఆ ఆదివారమే దశమభాగం కవరు ఇచ్చాను, 1,20,000. ఆరాధన అయ్యాక అయ్యగారు పక్కకు పిలిచి, నవ్వుతూనే అడిగారు: "బ్రదర్, ఇది పేపరు రేటు మీదనా, అసలు రేటు మీదనా?"

నేనూ నవ్వి, "సర్కారు లెక్క అదే కదా అయ్యగారూ" అన్నాను.

"సర్కారుకు సరే. దేవునికి అసలు రేటు తెలుసు కదా!"

సిగ్గుపడి మరుసటి ఆదివారం ఇంకో 80,000 ఇచ్చాను. ఇద్దరం తేలికపడ్డాం. ఒక భూమికి రెండు రేట్లు ఎందుకున్నాయని మాత్రం ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. దేవునికి అసలు రేటు తెలుసన్న మాట, దశమభాగం దగ్గర తప్ప ఇంకెక్కడా మా ఇద్దరికీ గుర్తు రాలేదు.

సిరి రా మోకాలొడ్డినట్టు

"మీరు దేవునికిని సిరికిని దాసులుగా నుండనేరరు" అన్న వాక్యంలో సిరి అన్న మాట ఎంచుకున్న మన తెలుగు అనువాదకుల మీద నాకు ఎప్పుడూ గౌరవమే, కాస్త కోపం కూడా. డబ్బు అని ఉంటే సులువుగా తిట్టుకునేవాళ్ళం. సిరి అంటే మన నోట చెడ్డ మాట కాదు. సిరిగల ఇల్లు, సిరిగల చెయ్యి, పిల్లకు సిరి అని పేరు. లక్ష్మి, పాడి, పంట, నవ్వు, అన్నీ అందులో ఉన్నాయి. అంత ముద్దొచ్చేదాన్ని తెచ్చి దేవుడి ఎదురుగా యజమానిగా నిలబెట్టారు. నిజానికి బాగానే పట్టుకున్నారు. వికారంగా ఉండేదాని దగ్గర ఎవడు దాసుడిగా ఉంటాడు?

నేను టెన్త్‌లో ఉన్నప్పుడు కుల సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. మా పెదనాయన తన పిల్లలకు ఎస్సీ అని రాయించాడు. మా నాయన బీసీ-సీ (క్రైస్తవులైన దళితుల వర్గం) అని రాయించాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు గానీ మనల్ని కలపలేదు. బాప్తిస్మం తీసుకుంటే అంటరానితనం పోతుందని ఆ ఉత్తర్వుకు అంత నమ్మకం ఉంది, మా ఊరి హోటల్‌కు మాత్రం లేదు. అందులో మా గ్లాసు చాలాకాలం వేరుగానే ఉండేది. రిజర్వేషన్ ఎస్సీలకు 15 శాతం, బీసీ-సీకి 1 శాతం. ఆ లెక్క నాయనకు చదువు రాకున్నా తెలుసు.

"సిరి రా మోకాలొడ్డుతవేందిరా" అని పెదనాయన వాకిట్లో నిలబడి అరిచాడు. నాయన అన్న మాట ఇప్పటికీ యథాతథంగా గుర్తుంది: "దేవుని పుస్తకంల ఒక తీరు, సర్కారు పుస్తకంల ఒక తీరు నాకు రాయొస్తలేదే అన్నా."

పెదనాయన కొడుక్కి సర్కారు ఉద్యోగం వచ్చింది. నాకు రెండుసార్లు కొద్ది మార్కుల్లో తప్పింది. ఏళ్ల తరబడి ఆ అన్నను చూస్తే నాకు రెండు భావాలు కలిసి వచ్చేవి. నేను నీకంటే నిజాయితీపరుణ్ణి అన్న గర్వం ఒకటి, కడుపుమంట ఇంకొకటి. ఇప్పుడు ఆలోచిస్తే, అతను తప్పుడు మాట రాసింది తప్పుడు ప్రశ్న వేసిన చట్టానికి. అతను మాదిగ వాడలో పుట్టలేదా? గ్లాసు వేరుగా పెట్టింది అతనికి కాదా? నేనేమో ఏ కడుపాకలీ లేకుండా, ఎకరానికి 12 లక్షల కోసం రెండు పుస్తకాలు రాశాను. నాయన నాకు అప్పజెప్పిన గర్వం ఆ 126 కట్టల కిందే ఎక్కడో నలిగిపోయింది.

అప్పిచ్చెదవు గాని

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికని ఒక బైబిల్ వాక్యం అచ్చు వేసిన వాగ్దానం కార్డు తీస్తాం కదా. 2023కి నాకు వచ్చింది ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయం, "అప్పిచ్చెదవు కాని అప్పుచేయవు." ఇంట్లో అందరం ఎంత సంతోషపడ్డామో! మూడు నెలలు తిరక్కుండానే మా సంఘంలోనే ఒకాయన కూతురి పెళ్ళికని 10 లక్షలు అడిగాడు. నెలకు నూటికి 2 రూపాయల మిత్తి (వడ్డీ). మా దగ్గర అది తక్కువ కిందే లెక్క, ఉపకారం చేసినట్టే. నెలకు 20,000 ఠంచనుగా తెచ్చిచ్చేవాడు. అందులోంచి 2,000 తీసి దశమభాగం వేసేవాణ్ణి.

అదే పుస్తకం 23వ అధ్యాయంలో సహోదరుడికి వడ్డీకి ఇవ్వకూడదని ఉంది. 15వ కీర్తన మా ఇంట్లో పిల్లలు కూడా చూడకుండా చెబుతారు, "తన ద్రవ్యము వడ్డికియ్యడు" అని అందులోనూ ఉంది. వాగ్దానం కార్డుల మీద ఆ వాక్యాలు ఎందుకు అచ్చు వేయరో! ఆ పెళ్ళి కట్నం ఎంతన్నది నేను రాయను గానీ, నేనిచ్చిన 10 లక్షలూ పెళ్ళికొడుకు ఇంటికే పోయాయి, అక్కడా ప్రార్థన చేసుకునే అందుకున్నారు. నా నల్లడబ్బు అలా అప్పుగా మారి, కట్నమై, మిత్తిగా తిరిగొచ్చింది. అందులో ప్రతి మలుపులోనూ పదో వంతు తెగి కానుక పెట్టెలో పడింది. చెప్పుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

పిడికెడు బియ్యం

మా అవ్వకు దశమభాగం అన్న మాట తెలియదు. ఆమెకు తెలిసింది పిడికెడు బియ్యం. పొయ్యి పక్కన మూతి విరిగిన ముంత ఒకటి ఉండేది. పూటకు ఎసట్లో పోసే ముందు ఒక పిడికిలి తీసి అందులో వేసేది. బియ్యం అని పేరే గానీ మా ఇంట్లో అవి ఎక్కువ రోజులు జొన్నలే. శనివారం సాయంత్రం ఒకామె వచ్చి ఇంటింటి ముంతా సంచిలో ఒంపుకుని పోయేది. అన్ని ఇళ్లవీ కలిసి, జొన్నలూ నూకలూ బియ్యమూ ఒకటే రాశి. అందులోంచే అప్పటి అయ్యగారి కుటుంబం తిన్నది. మిషన్ రోజులు వేరు. నల్లగొండలో మెన్నొనైట్ బ్రదరన్ అనే క్రైస్తవ శాఖ మిషన్ పని 1890 ప్రాంతంలో మొదలైనప్పుడు దాని వెనక ఉన్న డబ్బు ఇప్పటి ఉక్రెయిన్ వైపు గోధుమ రైతులది. 1917 విప్లవంతో ఆ ఊట ఎండిపోయింది, తర్వాత అమెరికావాళ్ళు అందుకున్నారు. మా అవ్వ కాన్పులు జడ్చర్ల మిషన్ దవాఖానలోనే. దొరసానులు పోయాక పల్లె సంఘాలను బతికించింది మాత్రం ఈ ముంతలే. అందుకే దశమభాగం దండగ అనేవాళ్ళతో నాకు పొత్తు కుదరదు. మూడు ఊళ్ళకు బండి మీద తిరిగే పాస్టర్ల పిల్లలకు ఫీజులు ఎక్కడి నుంచి వస్తాయి?

ముంత గురించి ఆలోచిస్తుంటే ఒక సంగతి తట్టింది. అవ్వ మిగతా తొమ్మిది వంతుల గురించి ఎవరూ ఎందుకు అడగలేదంటే, అడగడానికి ఏమీ లేదు. ఏ పటేలు పొలంలో నాటుకు పోయింది, ఎన్ని శేర్లు కూలి వచ్చింది, వాడంతా ఎరుకే. పక్కన వంగి నాటేసినామే ఆదివారం పక్కన చాప మీద కూర్చునేది. పుస్తకం ఒక్కటే, అందరి కళ్ళముందు తెరిచే ఉండేది. సంఘానికి ఇవ్వడం నేర్పిన పద్ధతులన్నీ ఆ కాలంలో పుట్టాయి. అందుకే వాటిలో ఇచ్చేదాని గురించే ఉంటుంది, వచ్చేదాని గురించి ఉండదు. ఇప్పుడు పక్క కుర్చీలో ఉన్నాయన డబ్బు ఎక్కడిదో నాకు తెలియదు, నాది ఆయనకు తెలియదు. ముంత బదులు యూపీఐ స్కానర్ వచ్చింది, పద్ధతి మాత్రం ముంత కాలందే.

యేసు పరిసయ్యులను పట్టుకుని, పుదీనాలో సోపులో జీలకర్రలో పదో వంతు ఇచ్చి న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేశారన్నాడు. పదో వంతు మానమని అనలేదు, అది మానకుండా ఇవి చేయాల్సిందన్నాడు. సుంకం వసూలు చేసే జక్కయ్య కథలోనైతే దశమభాగం ఊసే లేదు. మన సండే స్కూలులో ఆ కథంతా మేడిచెట్టు ఎక్కడంతోనే సరిపోతుంది. (మేడిపండు సామెత తెలిసిన జాతికి అక్కడ ఆగాలని తోచకపోవడం ఆశ్చర్యమే.) దిగాక అతను రెండు అంకెలు చెబుతాడు. సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. ఆ రెండో అంకె చెప్పాలంటే ఎవరి దగ్గర ఎంత లాగాడో అతనికి లెక్క తెలిసి ఉండాలి. సుంకరి కదా, తెలిసే ఉంటుంది. నాకూ తెలుసు.

ఒప్పుకోలేని మాటలు, ఒప్పుకోక తప్పనివి

పండుగ అయ్యాక ఒకరోజు అయ్యగారి దగ్గర కూర్చుని ఇదంతా చెప్పాను. ఆయన దాపరికం లేకుండా మాట్లాడారు. "నువ్వు చెప్పేది కరెక్టే బ్రదర్. రేపటి నుంచి కవరు ఇచ్చిన ప్రతివాణ్ణీ ఈ డబ్బు ఎక్కడిదని అడిగితే, వచ్చే ఆదివారం ఎంతమంది ఉంటారు? నేను పోలీసునా?" అన్నారు. దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. బంధువులతో నిండిన చిన్న సంఘంలో ఒకరి మూట ఒకరు విప్పి చూడడం మొదలైతే అది ప్రేమగా ఉండదు, పాతకక్షలు తీర్చుకోవడానికి పనికొస్తుంది. అది నేనూ చూశాను.

మా ఆఫీసులో నాతో పనిచేసే మిత్రుడి మాట ఇంకా ఇబ్బంది పెట్టింది. "రెడ్లు అమ్మారు, రావులు అమ్మారు, అందరూ రెండు రేట్లకే అమ్మారు. మూడు తరాలకు ఒకసారి మీ ఇంటికి లక్షలొస్తే, అప్పుడే నీకు మనస్సాక్షి గుర్తొచ్చిందా? మీవాళ్ళే తెల్లగా ఉండాలని రూలా?" అన్నాడు. నిజమే. పేదరికం పవిత్రమని చెప్పేవాడు పాలమూరు లేబర్ క్యాంపులో ఒక వర్షాకాలం గడిపి రావాలి. టార్పాలిన్ కింద జ్వరంతో పడుకుని మా అమ్మ దీవెనల గురించే పాడుకునేది, దరిద్రం గొప్పదని ఎన్నడూ పాడలేదు. ఆశీర్వాదం, ఐశ్వర్యం అని మైకు పగలగొట్టే పెద్ద సభలకు మావాళ్ళు లారీలెక్కి ఎందుకు పోతారో నాకు అర్థమవుతుంది. నీకు కూడా ఉండొచ్చు, నువ్వు కూడా అప్పిచ్చేవాడివి కావొచ్చు అని వాళ్ళతో అంతకుముందు ఎవరన్నారు?

అయినా ఆ మిత్రుడి వాదనలో నాకు ఒకచోట పొసగదు. నేను రెండు రేట్లకు అమ్మడం వల్ల రెడ్లకో రావులకో ఏ నష్టమూ జరగలేదు. సర్కారుకు నష్టం జరిగింది, సరే, ఆ బాధ నాకు అంతగా లేదు, అబద్ధం ఎందుకు. దెబ్బ తగిలింది మా ఇంట్లోనే ఒకరికి. ఎవరో చెప్పే ముందు ఇంకో మాట. అప్పటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న భూమిలేని దళితులు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డాడు. ఆయనకు దశమభాగం తెమ్మనే మలాకీ గ్రంథం ఎవరూ చదివి వినిపించలేదు. ఎదురుగా నిలబడినవాళ్ళకు ఏది లేదో అదే ఇచ్చాడు. భూదానం భూముల్లో కొన్ని ఇవాళ కోర్టు కేసుల్లో ఉన్నాయనుకోండి, సిరి ఎక్కడున్నా దాని పని అది చేస్తుంది. కానీ భూమి గురించి మాట్లాడేటప్పుడు శాతాలు కాకుండా మనుషులు గుర్తుకు రావడం ఎలా ఉంటుందో నాకు ఆ కథలో కనబడుతుంది.

విరాసత్ రోజు

మాకు ఒక చెల్లెలు. అచ్చంపేట దగ్గర ఇచ్చాం. నాయన వీలునామా రాయలేదు. అమ్మ అంతకుముందే పోయింది. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారతీయ వారసత్వ చట్టంలో కొడుకు, కూతురు అన్న తేడా లేదు, చెరి సగం. సర్కారు పుస్తకంలో క్రైస్తవులమని రాయించుకుని రిజర్వేషన్ పోగొట్టుకున్న ఇల్లు మాది. అదే పుస్తకం చెల్లికి సగం ఇవ్వమంటే, ఆ పేజీ మాత్రం మేం తిప్పలేదు. నాయన కూడా తిప్పలేదు. "ఆడిపిల్లకు పెండ్లప్పుడే ఇచ్చినం గదా" అనేవాడు. రెండు పుస్తకాలు రాయనన్న మనిషికి ఇందులో రెండో పుస్తకం కనబడలేదు.

2021లో విరాసత్‌కు, అంటే భూమి వారసుల పేరుకు మార్పించుకోవడానికి, స్లాట్ బుక్ చేశాం. భూమి నా పేరున మారడానికి అభ్యంతరం లేదని చెల్లె వచ్చి ఒప్పుకోవాలి. తెల్లారకముందే బస్సెక్కి, ఏమీ తినకుండా వచ్చింది. తహశీల్దారు ఆఫీసులో మిషన్ మీద వేలు పెడితే పట్టలేదు. పత్తి ఏరే కాలం, వేళ్ళ కొసలన్నీ గీతలుబడి, గరుకెక్కి ఉన్నాయి. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది, పట్టలేదు. ఆపరేటర్ విసుక్కున్నాడు. నేను నా జేబురుమాలు నీళ్లతో తడిపి ఆమె బొటనవేలు గట్టిగా రుద్ది మిషన్ మీద అదిమి పట్టాను. అప్పుడు పట్టింది. "అయిపోయిందా అన్నా" అని నవ్వింది. హోటల్లో ఇద్దరం దోసె తిన్నాం, బస్సెక్కించాను.

భూమి అమ్మాక ఆమెకు 5 లక్షలు ఇచ్చాను. చీర, జాకెట్టు గుడ్డ కూడా పెట్టాం. మా బంధువులంతా మెచ్చుకున్నారు, ఈ కాలంలో ఎవరిస్తారు అన్నారు. నేను కూడా లోపల ఒక లెక్క వేసుకున్నాను: 12 లక్షల్లో సగం 6, అందులో 5 ఇచ్చానంటే దాదాపు న్యాయమే కదా అని. దేవుడికిచ్చేటప్పుడు అసలు రేటు తెలుసని భయపడి 80,000 కలిపినవాణ్ణి, చెల్లెలి దగ్గరికి వచ్చేసరికి పేపరు రేటు పట్టుకున్నాను.

మా అమ్మాయి గుమ్మడికాయ ప్రశ్న వేసిన రాత్రి నాకు ఈ లెక్కే గుర్తొచ్చింది. కాయ కాసినామె పేరు పుస్తకంలో లేదు.

జనవరిలో ఒక శనివారం నేనూ మా ఆవిడా అచ్చంపేట పోయాం. చేతిలో ఉన్నది 2 లక్షలు. ఇల్లు కట్టడానికే 40 అయిపోయాయి, మిగతాది కాలేజీలకు, అప్పులకు పోయింది. పెళ్ళికి 10 లక్షలిచ్చినాయనకు మిత్తి ఆపేయమని చెప్పాను, అసలు ఎప్పుడిస్తాడో దేవుడికే తెలియాలి. చెల్లె వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. కూర్చోబెట్టి చెప్పాను, భూమిలో నీకు సగం రావాలి, అది నేను తిన్నాను, విడతల మీద ఇస్తాను అని. బావ బీడీ పక్కన పెట్టేశాడు. చెల్లె ఒక మిరపకాయను ఇటు నుంచి అటు జరిపి అడిగింది, "పేపరు రేటు లెక్కనా అన్నా, అసలు రేటు లెక్కనా?"

ఎత్తిపొడుపు కాదు. ఆ మాటలు ఆమె మా ఇంట్లోనే విన్నది, అర్థం తెలుసుకోవడానికే అడిగింది.

అసలు రేటు అన్నాను. లోపలికి పోయి చిన్నకొడుకు లెక్కల నోటుబుక్కు తెచ్చి, వెనక పేజీ తీసి, "అయితే రాయి" అంది. తేదీ వేసి 37,50,000 అని రాశాను. కింద ముట్టినవి 5,00,000. దాని కింద ఇవాళ ఇచ్చినవి 2,00,000. బాకీ 30,50,000. ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆమె తన పేరు కూడబలుక్కుంటూ రాసింది, ఈసారి వేలు రుద్దే పని లేదులే అంది.

తిరుగు బస్సులో మా ఆవిడ నాగర్‌కర్నూల్ దాకా ఏం మాట్లాడలేదు. దాటాక, అమ్మాయి ఫీజు కట్టడానికి 15వ తేదీ ఆఖరని గుర్తుచేసింది.